తరుగు ఖాతా

ఎనుమాముల యార్డుల మిర్చి దిగిన దినం
తుమ్మకుండ ఎవలూ మాట్లాడరు.
సేటు గందె వైకుంఠం
ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని అన్నడు:
"సుజనమ్మకు ఇరవై ఒక్క లక్ష. మూడేండ్లకు. చెక్కు రాయి."

ముప్ఫై నాలుగేండ్ల సంది నేను రాసిన పద్దులు:
గుడికి గోపురం, బడికి బెంచీలు,
ఎండకాలం చలివేంద్రం,
కంటి ఆపరేషన్లు నూట పదహారు.
అన్నిటికీ ఒక ఫొటో ఉన్నది, ఒక రాయి ఉన్నది,
రాతి మీద సేటు తండ్రి పేరున్నది.
దీనికి రాయి ఏడ పాతాలె?

చిందం సుజన. కొత్తవాడ మగ్గాల నడుమ పెరిగిన పిల్ల.
తండ్రి జంపఖానాలు నేసెటోడు.
ఢిల్లీకి మూడుసార్లు రాసుకున్నది, మూడుసార్లూ
"తక్షణ ప్రయోజనం కనిపించుట లేదు" అని కాయితం వచ్చింది.
ఆ కాయితాలు గూడ ఫైల్ల పెట్టుకొనే వచ్చింది,
దాచలేదు. సేటుకు అదే నచ్చినట్టుంది.

మిషన్లు అడగలే.
ఒక గది, ఇద్దరు పిల్లలకు జీతం,
లెక్కలు చేసే కంప్యూటర్ల కిరాయి,
గోడకు ఒక నల్లబల్ల.
"బల్ల ఎందుకమ్మా ఈ కాలంల?" అన్న.
"తుడుస్తె పోవాలె మామా," అన్నది,
"మేము రాసేదాంట్ల చాన మటుకు తుడిచేదే."

నాకూ సమజ్ చెయ్యమంటె బస్తా మీద కూసొని చెప్పింది.
చుక్కల గుంపులు గిర్రున తిరుగుతయట.
అంచుకు ఉన్నవి ఆ ఉరుకుడుకు
వడిసెల రాయి తీరుగ ఎగిరిపోవాలె.
పోవు.
ఏదో బరువు పట్టి ఆపుతది.
దానికి వెలుగు లేదు, నీడ లేదు,
కాంటా మీదికి రాదు.
"కనిపించే సరుకంత కుప్ప పోసి తూచినా
నూటికి ఐదు పాళ్లు. మిగిలింది ఏందో
ఎవలికీ తెల్వదు."

నా చేతిల పెన్ను ఆగింది.
దినాం నేను చేసే లెక్కే గద ఇది.
బస్తా కాంటా ఎక్కుతది, నలభై ఒకటి చూపిస్తది,
తక్‌పట్టీల నేను ముప్ఫై తొమ్మిది రాస్త.
రెండు కిలోలు తరుగు.
తేమకు, తాలుకు, తొడిమెకు, ఆచారానికి.
ఆ రెండు కిలోలు ఎటు పోతయో
నాకు తెలుసు, హమాలికి తెలుసు, సేటుకు తెలుసు,
కాంటాకొక్కదానికే తెల్వదు.
ఆ బరువే ఈ దుకాణాన్ని ఇన్నేండ్లు
చెదరకుండ పట్టుకొని తిప్పింది.

"ఏ ఖాతాల రాయాలె సేటు? ధర్మమా, ఖర్చా?"
సేటు కిటికీల నుంచి యార్డు దిక్కు చూసిండు.
ఎర్రటి కుప్పలు, వాటి పక్కపొంటి
తువ్వాల కప్పుకొని పండుకున్న మనుషులు.
చాన సేపటికి, "తరుగు ఖాతాల రాయి," అన్నడు.
నవ్విండో, ఘాటుకు కండ్లు తుడుచుకున్నడో,
రుమాలు అడ్డమున్నది.

రాసిన.
రాసినంత మాత్రాన మాఫీ అయితదా అంటె ఏమో.
గుమాస్తాను. కూడుడు తీసుడు నా పని.

నెక్కొండ దిక్కు తండా నుంచి గుగులోత్ ఈర్యా,
పద్నాలుగు బస్తాల చపాటా తెచ్చినోడు,
తక్‌పట్టీ కోసం గంట సంది గడప కాడ నిలవడి
అంత విన్నడు.
"ఏం చెప్తున్నది ఆ బిడ్డ?"
"ఆకాశంల బరువు లెక్క తక్కువొస్తుందట. ఎతుకుతదట."
తలగుడ్డ విప్పి దులిపిండు. అందరం మళ్ల తుమ్మినం.
"మంచిదే. ఎతకాలె," అన్నడు.
"దొరికితె ఎవలికి వాపసిస్తరు?"

సుజన ఫైలు మూసింది. మళ్ల తెరిచింది.
నేను ఈర్యా తక్‌పట్టీ ముందటేసుకొని
పద్నాలుగు ఇంటు రెండు కాడ
పెన్ను పెట్టి,
కొట్టెయ్యలేక, రాయలేక...
బయట ఇంకో లారీ ఒక్కతీరుగ హారన్ కొడుతున్నది.